మెదక్ చర్చి: ఏ వేళకు వెళ్లాలి, ఏం చూడాలి, ఎక్కడ ఉండాలి

మెదక్ చర్చికి బయల్దేరేవాళ్లు అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది వేళ. లోపల ఉన్న మూడు రంగుల అద్దాల కిటికీలు బయటి వెలుతురుతోనే కనిపిస్తాయి. పొద్దు వాలాక వెళ్తే గోడలో మూడు నల్లటి చట్రాలు తప్ప ఏమీ ఉండదు, లోపల ఎన్ని బల్బులు వెలిగించినా లాభం లేదు. హైదరాబాదులో మధ్యాహ్నం భోంచేసి, దారిలో నర్సాపూర్ అడవి దగ్గర కాసేపు ఆగి, ఐదున్నరకు చర్చి ముందు దిగేవాళ్లు చాలామంది ఉంటారు. గోపురం ముందు ఫొటో దిగి వెనుదిరుగుతారు. వంద కిలోమీటర్లు వచ్చి అసలు చూడాల్సింది చూడకుండా పోవడం అది. పొద్దున తొమ్మిదిన్నర, పదింటికల్లా లోపల ఉండేలా లెక్క వేసుకోండి.

దారులు రెండు. బాలానగర్, దుండిగల్, నర్సాపూర్, కొల్చారం మీదుగా వచ్చేది 765డి జాతీయ రహదారి. ఇది దగ్గరి దారి. బాలానగర్ నుంచి దుండిగల్ వరకు ఫ్యాక్టరీల లారీలతో నెమ్మదిగా సాగుతుంది, ఆ తర్వాత అడవి మధ్య హాయిగా ఉంటుంది. రెండోది 44వ జాతీయ రహదారి మీద మేడ్చల్, తూప్రాన్ దాటి, రామాయంపేట దగ్గర ఎడమకు తిరిగి మెదక్ చేరేది. దూరం కొంచెం ఎక్కువే అయినా సొంత కారు ఉన్నవాళ్లకు, ముఖ్యంగా ఔటర్ రింగు రోడ్డు మీద నుంచి వచ్చేవాళ్లకు, ఇదే తేలిక. బస్సుకైతే సికింద్రాబాదులో జేబీఎస్‌కు (జూబ్లీ బస్ స్టేషన్) వెళ్లాలి. సుమారు రెండున్నర, మూడు గంటల ప్రయాణం.

రైలు కూడా ఉంది. అక్కన్నపేట నుంచి మెదక్‌కు వేసిన 17 కిలోమీటర్ల కొత్త లైను 2022 సెప్టెంబరులో మొదలైంది. కాచిగూడ నుంచి ప్యాసింజరు బండి మల్కాజిగిరి, బొల్లారం, మేడ్చల్, మనోహరాబాద్ మీదుగా మెదక్ దాకా వస్తుంది. టికెట్టు చాలా చవక, కిటికీ పక్క సీటు దొరికితే పిల్లలకు పండగే. కాకపోతే బండ్లు తక్కువ. ఒకటి తప్పిపోతే మళ్లీ బస్సే గతి. అందుకే రైల్లో వచ్చి బస్సులో తిరిగి వెళ్లేలా చూసుకుంటే తిప్పలు ఉండవు. బయల్దేరే ముందు రోజు రైలు వేళలు మరోసారి చూసుకోండి.

ఇక ఊరు. ఇప్పుడు మెదక్ జిల్లా కేంద్రం. ఈ చర్చి కట్టేనాటికి చుట్టూ చెరువులు, పొలాలు, ఖిల్లా ఉన్న చిన్న ఊరు. ఇంత చిన్న ఊళ్లో ఇంత పెద్ద గుడి ఎందుకు లేచిందన్న ప్రశ్నకు జవాబు తెలిస్తేనే ఆ రాళ్లకు అర్థం తెలుస్తుంది.

నిజాం రాజ్యంలో వెస్లియన్ మెథడిస్టుల (జాన్ వెస్లీ బాటలో నడిచే ప్రొటెస్టంటు శాఖ) పని 1880 ప్రాంతంలో సికింద్రాబాదు కేంద్రంగా మొదలైంది. ఈ చర్చిని కట్టించిన ఛార్లెస్ వాకర్ పోస్నెట్ 1895లో వచ్చారు. మొదట తిరుమలగిరి కంటోన్మెంటులో బ్రిటిష్ సిపాయిలకు పాదిరి. ఆ పని ఆయనకు తృప్తినివ్వలేదు. పల్లెల్లో ఉండాలనుకుని ఏడాది రెండేళ్లలోనే మెదక్ చేరారు. అప్పటికి ఆ ప్రాంతమంతా కలిపి రెండు వందల మంది క్రైస్తవులు కూడా లేరు. ఆయన తోబుట్టువు ఎమిలీ పోస్నెట్, ఆమెతో పాటు సారా హారిస్ ఆడవాళ్ల చదువు, శిక్షణ పని చేపట్టారు. ఆసుపత్రి వచ్చింది, బడులు వచ్చాయి. పల్లె పల్లెకూ తిరిగే బోధకులకు శిక్షణ మొదలైంది. చుట్టుపక్కల ఊళ్లలో సంఘాలు ఎక్కువగా మాల, మాదిగ కుటుంబాలతో నిండాయి. ఊరి బావిలో నీళ్లు తోడుకోనివ్వని రోజుల్లో, ఊరి గుడిలో అడుగు పెట్టనివ్వని రోజుల్లో, తమ చేతుల మీదుగా లేచిన ఇంత పెద్ద గుడిలో వాళ్లు నేల మీద వరుసగా కూర్చున్నారు. మెదక్ చర్చి చరిత్రలో దీనికన్నా పెద్ద సంగతి ఇంకొకటి లేదు.

కట్టడం 1914లో మొదలై 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠతో ముగిసింది. ఆ పదేళ్లలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది, సరుకుల ధరలు మండిపోయాయి. 1918లో వానలు మొహం చాటేశాయి. ఆ ఏడే ఇన్‌ఫ్లుయెంజా దక్కన్ పల్లెల్ని ఊడ్చేసింది. పోస్నెట్ దొర ఊరికే గంజి పోయించలేదు, పని చూపించి తిండి పెట్టారు. రాయి కొట్టడం, మోయడం, సున్నం గానుగ తిప్పడం, మట్టి తట్టలు ఎత్తడం, వేల మంది కూలీలకు ఇదే ఆధారమైంది. పనికి ఆహారం అన్న మాట ప్రభుత్వ పథకాల్లో వినపడడానికి చాలా ముందు మెదక్‌లో జరిగిన సంగతి ఇది. మెదక్ పక్కనే ఉన్న పోచారం ఆనకట్ట కూడా అదే కాలంలో, 1916 నుంచి 1922 మధ్య, కట్టారు. ఒక పూట చర్చి, ఒక పూట పోచారం చూస్తే ఆ దశాబ్దపు రాతి పని రెండు రకాలుగా కళ్లముందు ఉంటుంది.

కట్టడం కొలతలు: పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గంట గోపురం ఎత్తు 175 అడుగులు. ఐదు వేల మంది పడతారని చెబుతారు. లెక్క వేసి చూడండి. ఇరవై వేల చదరపు అడుగులను ఐదు వేలతో భాగిస్తే మనిషికి నాలుగు చదరపు అడుగులు. అందులోనే గోడలు, స్తంభాలు, బలిపీఠం కూడా. కుర్చీలు, బెంచీలు వేస్తే ఆ సంఖ్య కలలో మాట. చాపల మీద మోకాళ్లు తగిలేలా దగ్గరదగ్గరగా కూర్చునే పల్లె జనాన్ని తలుచుకుని చూస్తేనే ఆ లెక్క కుదురుతుంది. బయట గోథిక్ పద్ధతి, కోసుగా లేచే కమాన్లు, శిఖరాలు అన్నీ ఇంగ్లండువే. లోపల జనం కూర్చునే తీరు మాత్రం మన పల్లెదే.

లోపలికి అడుగుపెట్టగానే తల పైకెత్తడం సహజం. కానీ మొదట కింద చూడండి. నేల మీద పరిచిన బిళ్లలు ఆరు రంగులవి, బ్రిటన్ నుంచి ఓడల్లో తెప్పించినవి. వాటిని పరచడానికి ఇటలీ మేస్త్రీలు వచ్చారు. వరుసల మధ్య నడవలో నిలబడి బలిపీఠం వైపు చూస్తే నమూనా చక్కగా తెలుస్తుంది. పైకప్పు బోలు పదార్థంతో కట్టిన కమాన్ల కప్పు. మాట మారుమోగి ముద్దముద్దగా అయిపోకుండా చేసిన ఏర్పాటు అది. మైకులు లేని రోజుల్లో ప్రసంగం చివరి వరుసకు చేరాలంటే ఇది ఎంత ముఖ్యమో పాటలు పాడే సమయంలో వెనక నిలబడి వింటే తెలుస్తుంది. బూడిద రంగు గ్రానైటు స్తంభాల మీద ఉలి గీతల్ని దగ్గర నుంచి చూడండి, ఏ రాయి ఏ చేతి పనో అన్నట్టు ఒక్కోదాని మీద ఒక్కో తీరుగా ఉంటాయి.

కిటికీల సంగతికి వస్తే, వీటిని గీసింది ఫ్రాంక్ సాలిస్‌బరీ. ఇంగ్లండులో రాజకుటుంబానికి చిత్రాలు గీసిన పేరున్న చిత్రకారుడు, తానూ మెథడిస్టే. మూడూ ఒకేసారి రాలేదు. బలిపీఠం వెనక ఉత్తరాన ఉన్న క్రీస్తు ఆరోహణం (పరలోకానికి ఎక్కిపోయే దృశ్యం) 1927లో, పడమటి రెక్కలో ఉన్న క్రీస్తు జననం 1947లో, తూర్పు రెక్కలో ఉన్న సిలువ దృశ్యం 1958లో వచ్చాయి. అంటే 1924లో ప్రతిష్ఠ నాడు వీటిలో ఒక్కటీ లేదు. ఈ వివరం చాలామంది గైడ్లు చెప్పరు, వందేళ్ల కిటికీలని మూడింటినీ ఒకే గాటన కట్టేస్తారు.

పని తీరు ఇలా ఉంటుంది. అద్దం కరిగించేటప్పుడే అందులో లోహపు లవణాలు కలిపి రంగు తెస్తారు. ముఖాలు, బట్టల మడతలు, నీడలు అద్దం మీద గీసి కొలిమిలో కాల్చి పట్టిస్తారు. ముక్కల్ని సీసపు పట్టీలతో కలిపి చట్రంలో బిగిస్తారు. రంగు అద్దం లోపలే ఉంటుంది కాబట్టి ముందు నుంచి పడే దీపపు వెలుగుకు ఏమీ కనపడదు, వెనక నుంచి వెలుతురు దూసుకు రావాల్సిందే. సీసం మెత్తటి లోహం. ఏళ్లు గడిచేకొద్దీ ఎండకు, గాలికి పట్టీలు వంగి అద్దం బొజ్జలా ముందుకు వస్తుంది. ప్రపంచమంతటా పాత కిటికీలకు ఇదే జబ్బు. అందుకే దగ్గరికెళ్లి చేతితో తాకవద్దు, పిల్లల్ని తాకనివ్వవద్దు.

ఏ కిటికీ ఎప్పుడు? తూర్పున ఉన్న సిలువ దృశ్యం పొద్దున తొమ్మిది నుంచి పదకొండు మధ్య నిండుగా వెలుగుతుంది. పడమటి జననం మధ్యాహ్నం రెండు దాటాక, నాలుగు లోపు. ఉత్తరాన ఉన్న ఆరోహణం మీద చలికాలంలో నేరుగా ఎండ పడదు, ఆకాశపు వెలుతురే సమంగా పడుతుంది కాబట్టి రోజంతా ఒకేలా ఉంటుంది, ఫొటోలకు అన్నిటికన్నా తేలిక. మెదక్ దాదాపు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే రెండో వారం నుంచి జులై చివరి దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తి దాటి ఉత్తరం వైపు ఉంటాడు, ఆ రోజుల్లో ఆరోహణం రంగులు వేరే రకంగా మెరుస్తాయి. మబ్బు పట్టిన వానాకాలపు రోజున మూడూ మెత్తగా, కళ్లు చెదరకుండా కనిపిస్తాయి. అద్దంలోని ముఖాల గీతలు చూడాలనుకునేవాళ్లకు అదే మంచిది. రెండు పూటలా ఉండడం కుదరకపోతే పొద్దుటి పూటనే ఎంచుకోండి. తూర్పు, ఉత్తరం రెండూ బాగా దొరుకుతాయి.

ఇక్కడ వినపడే రెండు మాటల్ని కాస్త పట్టి చూడాలి. ఒకటి, వాటికన్ తర్వాత ఇదే పెద్దదని. వాటికన్ కేథలిక్కులది. ఇది పుట్టింది మెథడిస్టుగా, ఉన్నది దక్షిణ ఇండియా సంఘంలో. రెండింటినీ ఒకే వరుసలో నిలబెట్టడానికి కొలబద్దే లేదు. కట్టడం విస్తీర్ణం, డయోసీస్ (ఒక బిషప్ పాలనలోని ప్రాంతం) విస్తీర్ణం ఈ రెండూ కలిసిపోయి ఆ మాట పాకింది. రెండోది చార్మినార్ కథ. గోపురం చార్మినార్ కన్నా ఎత్తుగా ఉందని నిజాం కోపగించుకున్నారని చెబుతారు. చార్మినార్ ఎత్తు కొన్ని పుస్తకాల్లో 160 అడుగులు, కొన్నిట్లో 56 మీటర్లు, అంటే దాదాపు 184 అడుగులు. మొదటిది తీసుకుంటే చర్చిదే పైచేయి, రెండోది తీసుకుంటే కాదు. ఈ మాటలు లేకపోయినా మెదక్ చర్చి గొప్పదనం వీసమెత్తు తగ్గదు.

పేర్ల విషయంలో కూడా తికమక ఉంది. 1924లో ఇది వెస్లియన్ మెథడిస్టు చర్చి. 1932లో బ్రిటన్‌లో మెథడిస్టు శాఖలు మూడూ ఏకమవడంతో వెస్లియన్ అన్న పేరు తొలగి మెథడిస్టు అయింది. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్లు (ఇంగ్లండు చర్చి పరంపరవాళ్లు), బ్రిటిష్ మెథడిస్టులు, అప్పటికే కలిసి ఉన్న ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు కలిసి సీఎస్‌ఐగా, అంటే దక్షిణ ఇండియా సంఘంగా, ఏర్పడ్డాయి. ఆ తర్వాతే మెదక్ గుడి బిషప్ పీఠమై కేథడ్రల్ అయింది. అప్పటికి హైదరాబాదు సంస్థానం ఇంకా భారతదేశంలో కలవలేదు, దానికి మరో ఏడాది పట్టింది. తెలంగాణలో ఇప్పటికీ మెథడిస్టు అనే బోర్డుతో కనిపించే చర్చిలు, వికారాబాద్, జహీరాబాద్ వైపు ఉన్నవి, అమెరికా మెథడిస్టుల పరంపరలోనివి. అవి సీఎస్‌ఐలో కలవలేదు. మూలం జాన్ వెస్లీయే అయినా పాలన వేరు, బిషప్పులు వేరు. పెళ్లి, బాప్తిస్మం రికార్డులు వెతుక్కుంటూ వచ్చే కుటుంబాలు ముందు తమ తాతలది ఏ పరంపరో తేల్చుకోకపోతే తప్పు ఆఫీసు చుట్టూ తిరుగుతారు. మెదక్, దిచ్‌పల్లి, కరీంనగర్ వైపువాళ్లైతే సీఎస్‌ఐ పాస్టరేట్‌లో (ఒక పాదిరి కింద ఉండే సంఘాల ఆఫీసు), వికారాబాద్ వైపువాళ్లైతే మెథడిస్టు చర్చిలో మొదట అడగాలి. ఊరి పేరు, తాత పేరు, సుమారు సంవత్సరం రాసుకుని పనిరోజున వెళ్లండి. ఆదివారం అయ్యగారికి తీరిక ఉండదు.

సేవల విషయానికొస్తే, గుడి ఆవరణ చాలా పెద్దది, చెట్ల నీడ ఉంది, కుటుంబాలు భోజనం తెచ్చుకుని కూర్చునే అలవాటు ఉంది. ఆదివారం పొద్దున ఆరాధన జరుగుతుంది, ఆ సమయంలో చూడ్డానికి వచ్చినవాళ్లు తిరుగుతూ ఫొటోలు తీయడం తగదు. ఆరాధనలో కూర్చోవాలనుకుంటే ఎవరైనా కూర్చోవచ్చు, ఎవరూ అడ్డు చెప్పరు. కట్టడం కోసమే వచ్చేవాళ్లకు మంగళవారం నుంచి శుక్రవారం దాకా మంచి రోజులు. లోపల ఫొటోలకు అనుమతి ఉందో లేదో గుమ్మం దగ్గర అడిగి తెలుసుకోండి. ఏప్రిల్, మే నెలల్లో చెప్పులు విడిచి బయటి రాతి మెట్ల మీద నడిస్తే అరికాళ్లు కాలతాయి, నూలు మేజోళ్లు వెంట ఉంచుకోండి. పెద్దవాళ్లు ఉంటే మెట్ల దగ్గర ఒకరు చెయ్యి అందించాలి. భోజనానికి ఊళ్లో మామూలు హోటళ్లే, వేడి అన్నం, పప్పు, వేపుడు దొరుకుతాయి. అంతకుమించి ఆశించేవాళ్లు దారిలో తూప్రాన్ దగ్గర హైవే మీద ఆగడం మేలు.

రాత్రి ఉండాలా? ఒక్క చర్చి కోసమైతే అక్కర్లేదు. ఊళ్లో లాడ్జీలు మామూలువి, పడుకోవడానికి సరిపోతాయి. ఖిల్లా, ఏడుపాయల గుడి కూడా చూడాలంటే ఒక రాత్రి ఉంటే ఒత్తిడి తగ్గుతుంది. గది తీసుకునే ముందు వేడినీళ్లు, పార్కింగు, రాత్రి కరెంటు పోతే జనరేటరు ఉందా అన్న మూడూ అడగండి. క్రిస్మస్ వారంలో, గుడ్‌ఫ్రైడే ముందు రోజుల్లో గదులు దొరకడం కష్టం.

క్రిస్మస్ నాడు వెళ్లాలా వద్దా అని చాలామంది అడుగుతారు. తెల్లవారకముందే మొదటి ఆరాధన మొదలవుతుంది. జిల్లాలన్నిటి నుంచీ జనం ముందు రాత్రే వచ్చి ఆవరణలో పడుకుంటారు. ఆ భక్తి, ఆ పాటలు చూడాలనుకుంటే తప్పక వెళ్లండి, అలాంటి క్రిస్మస్ తెలంగాణలో మరోచోట దొరకదు. కట్టడాన్ని చూడాలనుకుంటే మాత్రం ఆ రోజు వద్దు. లోపల నిలబడే చోటు ఉండదు, నేల బిళ్లలు కనపడవు, వాహనాలను చాలా దూరంలోనే ఆపేస్తారు, ఫోన్లు కలవవు. చిన్నపిల్లల జేబులో ఫోను నంబరు రాసిన చీటీ పెట్టడం మరచిపోవద్దు. 2024లో నూరేళ్ల పండుగ తర్వాత రద్దీ ఇంకా పెరిగింది.

ఖిల్లా మీదికి సాయంత్రం ఎక్కండి. కాకతీయుల కాలం నాటి కోట, తర్వాత కుతుబ్‌షాహీల చేతికి వచ్చింది. ద్వారం మీద గండభేరుండం, పైన మసీదు, ముబారక్ మహల్ ఉన్నాయి. చర్చి మొత్తం ఆకారం, గోపురం ఊరి మధ్య ఎలా నిలబడిందో ఇక్కడి నుంచి కనిపించినంత బాగా ఇంకెక్కడి నుంచీ కనిపించదు. నీళ్ల సీసా కింద నుంచే తీసుకెళ్లాలి. ఏడుపాయల వనదుర్గ గుడి మెదక్‌కు దగ్గరే, మంజీరా ఏడు పాయలుగా చీలే చోటు. సింగూరు నుంచి నీళ్లు వదిలితే గుడి మునిగి దర్శనాలు ఆగిపోతాయి. వానాకాలంలో ముందే ఫోన్ చేసి కనుక్కోకపోతే వంతెన దగ్గర నుంచే తిరిగి రావాలి. శివరాత్రి జాతర రోజుల్లో ఈ రెండూ ఒకే రోజున పెట్టుకోవద్దు, సగం రోజు ట్రాఫిక్‌లోనే పోతుంది.

రెండో రోజు ఉన్నవాళ్లు మెథడిస్టుల పల్లె పని ఇంకో ముఖం చూడాలంటే దిచ్‌పల్లికి వెళ్లొచ్చు. రామాయంపేట నుంచి 44వ హైవే ఎక్కి కామారెడ్డి దాటాక వస్తుంది, సికింద్రాబాదు నుంచి నిజామాబాద్ వెళ్లే రైలు మార్గంలో స్టేషను కూడా ఉంది. స్కాట్లాండు డాక్టరు ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ నిజామాబాద్‌లో 1911లో కుష్ఠు రోగులకు చికిత్స మొదలుపెట్టారు. చోటు చాలక వచ్చినవాళ్లను తిప్పి పంపాల్సి వచ్చింది. రాజా నర్సాగౌడ్ పెద్ద మొత్తం విరాళం ఇచ్చారు, 1915లో దిచ్‌పల్లిలో విక్టోరియా ఆసుపత్రి తెరిచారు. చాల్‌మోగ్రా జాతి గింజల నూనె ఇంజెక్షన్లే అప్పటి మందు. ఇది ఆసుపత్రి అన్న సంగతి మరవవద్దు. ముందుగా ఆఫీసులో అనుమతి అడగాలి, రోగుల ఫొటోలు తీయకూడదు, లోపల అరగంట మించి ఉండాల్సిన పని లేదు. దగ్గర్లోనే దిచ్‌పల్లి రామాలయం, దాని చెక్కడాలు ఉన్నాయి, వాటికి ఒక గంట ఇవ్వండి. ఆ రాత్రికి నిజామాబాద్‌లో గదులు మెదక్‌లో కన్నా ఎక్కువ దొరుకుతాయి.

అమెరికా మెథడిస్టుల పరంపర చూడాలంటే వికారాబాద్ దాటాక ధారూర్‌లో ఏటా నవంబరులో జరిగే మెథడిస్టు జాతరకు వెళ్లాలి. చెట్ల కింద గుడారాలు, కుటుంబాలకు కుటుంబాలు రోజుల తరబడి అక్కడే వంట వండుకుని ఉండడం, రాత్రంతా భజన పద్ధతిలో పాటలు. మిగతా ఏడాదంతా చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు, జాతర తేదీలు చూసుకునే వెళ్లండి. వికారాబాద్ నుంచి తాండూరు వైపు వెళ్లే లైనులో ధారూర్ స్టేషను ఉంది. ఎక్స్‌ప్రెస్ బండ్లు అన్నీ ఆగవు.

గోథిక్ చూశాక దానికి పూర్తి ఎదురు రకం చూడాలన్న కోరిక ఉంటే డోర్నకల్ ఎపిఫనీ కేథడ్రల్ ఉంది. కట్టిన రోజుల్లో అది ఆంగ్లికన్లది. తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అజరయ్య చేతి మీద లేచి 1939లో పూర్తయింది. మండపాల స్తంభాలు, గుమ్మటాలు, మన గుడులూ మసీదులూ కలిసిన రూపం. మెదక్‌తో ఒకే యాత్రలో కుదరదు, దిక్కు వేరు. డోర్నకల్ జంక్షన్‌లో దిగి నేరుగా చూసి రావడానికి విడిగా ఒక రోజు పెట్టుకోవాలి, విజయవాడ వైపు నుంచి వచ్చేవాళ్లకు అదే ముందు దగ్గరవుతుంది.